ఎవర్నీ అడక్కుండా ఒక స్నోబోర్డు

నవంబర్ 1, శనివారం

ఉదయం 6.40. కాఫీ ఇంకా తాగలేదు. మనసు మారేలోగా రాసేస్తున్నాను.

నిర్ణయం: నా స్నోబోర్డు నేనే ఎంచుకుంటాను. ఎవ్వర్నీ అడగను!

ఎందుకంటే: పోయిన డిసెంబర్లో జపాన్ వెళ్లాం. మా ఆయన వెంకటేశ్వర రావు గారూ, మా అమ్మాయి కీర్తికా మంచు మీద జర్రున జారుతూ ఉంటే, నేను కింద బెంచీ మీద కూర్చుని నాలుగు రోజులు జాకెట్లకీ, ఫ్లాస్కుకీ, పులిహోర డబ్బాకీ కాపలా కాశాను. ఫోటోలు బాగా తీశానన్నారు. ఒక్క ఫోటోలోనూ నేను లేను.

ఈ డిసెంబర్ ఎనిమిదిన మళ్లీ వెళ్తున్నాం. కీర్తికకి పదహారు నిండాయి. ఇంకో పది రోజుల్లో ఓ లెవెల్స్, అంటే ఇక్కడ సింగపూర్లో మన పదో తరగతి లాంటి పరీక్షలు, అయిపోతాయి. వచ్చే ఏడు నుంచి ట్రిప్పులన్నీ స్నేహితులతోనేనని ఇప్పుడే ప్రకటించేసింది. అంటే మాతో ఇదే ఆఖరిది. దాని పక్కన ఒక్కసారైనా, ఒక్క వాలు మీదైనా నేనూ జారాలి. నిన్న అన్నం తింటూ ఆ మాట అనేశాను.

నవ్వింది. నేను బెండకాయలు కొనడానికి కూడా ముగ్గుర్ని అడుగుతానంది. అబద్ధం. నలుగుర్ని.

పందెం కట్టింది. అద్దె బోర్డు చెల్లదు, అక్కడివాళ్లే చేతికిచ్చేస్తారు, అందులో నేను ఎంచుకునేదేముంది అంది. నవంబర్ ముప్ఫైలోగా ఎవర్నీ అడక్కుండా నేనే బోర్డు ఎంచుకుంటే మొదటి రోజు పొద్దున మొదటి వాలు నాతో జారుతుంది. అడిగితే బెంచీ. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. సాక్షి సంతకం మా ఆయనది. ఆయన చదవకుండానే పెట్టారు.

ఇరవై ఏళ్లుగా బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. వేరేవాళ్ల పనిలో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషిని, ఒక చెక్క ఎంచుకోలేనా?

నవంబర్ 2, ఆదివారం

గంటసేపు చదువుదామని కూర్చున్నాను. నాలుగు గంటలు పట్టింది. అది ఉత్త చెక్క కాదు!

వేగానికి గట్టి బోర్డులు వేరు. లోతు మంచుకి వేరు. నేను మనసు పడ్డది ఆల్ మౌంటెన్ ఫ్రీస్టైల్. కొండంతా తిరగచ్చు, మధ్యలో చిన్న చిన్న గెంతులూ వేయచ్చు. మెత్తగా వంగుతుంది. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ముందుకెంత హాయిగా జారుతుందో వెనక్కీ అంతే. ఇలాంటివాటిని ప్లేఫుల్ అంటారట. అంటే అల్లరి బోర్డు. నలభై ఆరేళ్లొచ్చాయి, నాకోసం అల్లరి వస్తువు ఒక్కటీ కొనుక్కోలేదు.

వడకట్టగా మిగిలినవి మూడు:

నలుపు. గట్టిది. బొమ్మ లేదు. చూడగానే ఆఫీసులో ఆడిట్ గుర్తొస్తుంది.

నీలం. మధ్యరకం. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పసుపు. మెత్తనిది, అల్లరిది. నూట నలభై ఆరు సెంటీమీటర్లు. మీద నీటికుక్క బొమ్మ. మన సింగపూర్ కాలవల్లో పిల్లాపాపలతో ఈదుతూ, ఫుట్‌పాత్ ఎక్కి ట్రాఫిక్ ఆపేస్తాయే, అవే. ఇది వెల్లకిలా పడుకుని చేప నములుతోంది. ప్రపంచంలో దేనికీ దిగులు లేని మొహం.

పసుపే! ఒక్కరోజులో తేల్చేశాను. ఇంతేనా?

సాయంత్రం 5.15. ఇంకా ఇరవై ఎనిమిది రోజులున్నాయి. తొందరేముంది.

నవంబర్ 4, మంగళవారం

ఆఫీసు నుంచి అటే షాపుకి వెళ్లాను. బయట ముప్ఫై రెండు డిగ్రీలు, లోపల చేతి తొడుగులు తొడుక్కుని చూసుకుంటున్నారు జనం.

షాపాయన పేరు కో, అందరికీ కో అంకుల్. అరవై ఉంటాయి. ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. (షాపువాణ్ని అడిగితే అడిగినట్టు కాదు. అది ఆయన ఉద్యోగం.) నీటికుక్క బోర్డు ఒక్కటే మిగిలిందట. ముప్ఫయ్యో తారీకు దాకా పక్కన పెడతానన్నాడు.

బోర్డు మీద ఏ కాలు ముందు పెడతావని అడిగాడు. కొందరికి ఎడమకాలు ముందు కుదురుతుంది, కొందరికి కుడికాలట. ఇదేం ప్రశ్న? కొత్త కోడలిగా గడప దాటిన రోజు నుంచి ఈ ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజు దాకా నేను కుడికాలు తప్ప ముందు పెట్టి ఎరగను. కుడి అన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. రాసుకున్నాడు.

నవంబర్ 6, గురువారం

ఉదయం 6.10. బ్యాలెన్స్ సాధన. పరికరాలు: ఒక పీట, ఒక అప్పడాల కర్ర.

6.12. కర్ర మీద పీట, పీట మీద నేను. కుడికాలు ముందు.

6.12. కింద నేను.

చప్పుడుకి మా ఆయన లేచొచ్చారు. అప్పడాలు చేస్తున్నానన్నాను. పొద్దున్నే ఆరింటికా అన్నారు. ఆఫీసు నుంచి వచ్చాక నా ముందు ఎక్సెల్ షీటు తెరిచారు. నేను లాప్‌టాప్‌లో తెరిచి వదిలేసిన మూడు బోర్డులు, పద్నాలుగు కాలమ్స్, కింద మార్కులు. నలుపుకి తొంభై ఒకటి. నీటికుక్కకి యాభై మూడు. బొమ్మకి కాలమ్ లేదు.

నేను అడగలేదు. ఆయనే చూపించారు. కళ్లు మూసుకోవాలని ఫ్రిజ్ మీద ఎక్కడా రాయలేదు.

నవంబర్ 9, ఆదివారం

ట్రయల్ క్లాసు. ఒక హాలు, వాలుగా పెట్టిన కార్పెట్, అది వెనక్కి తిరుగుతూ ఉంటుంది. దాని మీద బోర్డేసుకుని నిలబడాలి.

కోచ్ అమ్మాయి నా కాళ్లకేసి చూసి కుడికాలేనా ముందు అంది. నూటికి నూరు శాతం అన్నాను.

పడిన సార్లు: పదకొండు. నా పక్కన ఎనిమిదేళ్ల పిల్ల ఒక చేత్తో జడ సరిచేసుకుంటూ జారుతోంది.

12.30. నడుం పట్టేసింది. క్లాసు బోర్డు మీదే ఇలా పడితే... అసలు నాకు అల్లరి బోర్డు తగునా? ఎవరినైనా అడిగితే బాగుణ్ణు.

12.31. పై వాక్యం చెల్లదు.

నవంబర్ 12, బుధవారం

కీర్తికకి నిన్నటితో పరీక్షలైపోయాయి. మధ్యాహ్నం పన్నెండు దాకా పడుకుంది.

సాయంత్రం లిఫ్ట్‌లో ఎనిమిదో అంతస్తు అరుణమ్మ ఆంటీ కలిశారు. నలభై ఏళ్ల కిందట సింగపూర్ వచ్చారు. మా బుకిట్ పంజాంగ్ పేటలో ఏ తెలుగింట్లో ఫ్రిజ్ మార్చినా ముందు ఆంటీకి చెప్పడం ఆనవాయితీ. కుంటుతున్నావేమిటని అడిగారు. జరిగింది చెప్పాను. అడగలేదు, చెప్పాను. సమాచారం ఇవ్వడం వేరు, సలహా అడగడం వేరు.

ఆంటీ, అలమాక్, అయ్యో రామ, ఈ వయసులో మంచు మీద ఆటలా అన్నారు. తర్వాత, ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొనుక్కో, ఎదిగితే పనికొస్తుందన్నారు. నాకు నలభై ఆరు ఆంటీ అన్నాను. అయితే మీ ఆయనకి పనికొస్తుందిలే అన్నారు.

వినగానే నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక నిజమే కదా అనిపించింది. మా అమ్మ నా స్కూలు గౌన్లన్నీ రెండంగుళాలు మడిచి కుట్టించేది. మడత విప్పకుండానే చిరిగిపోయేవి. నాకెప్పుడూ నా కొలత బట్ట దొరకలేదు. అయినా నేను కీర్తికకి చెప్పులు ఒక సైజు పెద్దవే కొన్నాను.

నవంబర్ 15, శనివారం

ఒప్పుకుంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కానీ నా గురించి కాదు. "మా ఫ్రెండ్ ఒకావిడ స్నోబోర్డు కొనాలనుకుంటోంది, ఏది మంచిది?" అని. రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. ఫ్రెండ్ ఎవరో ఎవరికి తెలుస్తుంది?

వచ్చిన జవాబులు:

ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయి? (తొమ్మిది మంది)

ఇన్సూరెన్స్ ఉందా? (నలుగురు)

యీషున్‌లో మూడు లీటర్ల కుక్కరు అమ్మకానికి ఉంది, కొత్తదే. (ఒకరు. ఈ గ్రూపులో ఏం అడిగినా ఈయన ఇదే చెప్తాడు.)

హైమావతీ, నీ నడుంనొప్పి తగ్గిందా? (అరుణమ్మ ఆంటీ)

మా ఆయన కొలీగ్ కౌశల్ ఏకంగా ఫోనే చేశాడు. నలభై నిమిషాలు. అతను రెండుసార్లు హొక్కైడో వెళ్లొచ్చాడు, దాంతో కొండలన్నీ అతని పేర రిజిస్టరైపోయాయి. ప్లేఫుల్ బోర్డులు పిల్లలకండీ, మనలాంటివాళ్లకి సీరియస్‌గా గట్టిగా ఉండాలి, లేకపోతే వారంలో బోర్ కొడుతుందన్నాడు. నేను వెళ్లేది ఐదు రోజులకి. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను.

నవంబర్ 17, సోమవారం

ఉదయం 5.50. స్నానం చేసి, దీపం పెట్టి, వెంకన్న ముందు మూడు చీట్లు వేశాను. దేవుణ్ని అడిగితే అడిగినట్టు కాదు. ఆయన ఇంట్లోవాడు.

మొదటిసారి: నలుపు. చీటీ సరిగా మడవలేదేమోనని మళ్లీ వేశాను.

రెండోసారి: నలుపు. స్వామీ, మూడింట్లో రెండు కాదు, ఐదింట్లో మూడు అనుకుందాం అన్నాను.

మూడోసారి: నలుపు.

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే. నాకేది కావాలో నాకు తెలుసు. తెలిసి కూడా మూడుసార్లు స్వామిని ఇబ్బంది పెట్టాను.

6.20. దేవుడు, కౌశల్, ఎక్సెల్ షీటు ఒకే మాట మీదుంటే నేనెవర్ని?

నవంబర్ 20, గురువారం

కొనేశాను. నలుపు. ఒక సైజు పెద్దది.

బోర్డు పొడవు నూట యాభై తొమ్మిది. నా పొడవు నూట యాభై ఆరు.

ఇది మీ ఆయనకా అని అడిగాడు కో అంకుల్. అందరికీ అన్నాను. ఫ్యామిలీ బోర్డు అన్నాను. ఆయన పక్కన పెట్టిన నీటికుక్క కేసి ఒకసారి చూసి, కవరు విప్పకుండా ఉంచితే ముప్ఫై దాకా మార్చుకోవచ్చని బిల్లు మీద రాసిచ్చాడు. అవసరం లేదన్నాను. రాసిచ్చిన బిల్లు మాత్రం పర్సు లోపలి అరలో భద్రంగా పెట్టుకున్నాను.

ఎల్ఆర్టీ రైల్లో ఆ బోర్డు పట్టుకుని నిలబడితే నా వెనకాల ఎవరో దాక్కున్నట్టుంది.

నవంబర్ 21, శుక్రవారం

కీర్తిక చూసింది. చుట్టూ తిరిగి చూసింది. నా పక్కన నిలబెట్టి చూసింది. చివరికి ఒక్కటే అడిగింది.

"అమ్మా, యూ చోజ్ దిస్? నువ్వే?"

"నేనే."

"ఓకే. దెన్ ఫస్ట్ స్లోప్ విత్ మీ."

ఫ్రిజ్ మీది కాగితంలో టిక్కు పెట్టింది. పక్కన ఒక నక్షత్రం కూడా.

గెలిచాను.

నవంబర్ 23, ఆదివారం

గెలిచినదాన్ని కదా, ఫ్రిజ్ తెరవడానికి భయమేస్తోంది. పాలు కూడా మా ఆయన చేతే తీయిస్తున్నాను.

ఆ నక్షత్రానికి పసుపు రంగు కూడా వేసింది దొంగపిల్ల.

నవంబర్ 26, బుధవారం

అయిపోయింది.

అరుణమ్మ ఆంటీ లిఫ్ట్‌లో కీర్తికకి చెప్పేశారు. పెద్ద సైజు తీసుకోమని తనే చెప్పానని, మీ అమ్మ నా మాట కాదనదని, గ్రూపులో కూడా అందరూ చెప్పారని. పాపం ఆంటీ గర్వంగానే చెప్పి ఉంటారు.

ఇంట్లోకొచ్చి కీర్తిక అరవలేదు. అరిచినా బాగుండేది. ఫ్రిజ్ దగ్గరికెళ్లి నక్షత్రం మీద గీత కొట్టింది. "బెంచ్, లా," అంది ఇక్కడి పిల్లల యాసలో. గదిలోకి వెళ్లబోయింది.

ఆగమన్నాను. మొదటి రోజు నుంచీ నాకు కావలసింది నీటికుక్కేనని చెప్పాను. ఫోన్లో దాచుకున్న ఫోటో చూపించాను. పదిహేడు ఫోటోలున్నాయి.

"దెన్ వై?"

నాకప్పటిదాకా నిజంగా తెలీదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"పదిమందిని అడిగి కొంటే, తప్పైనా పదిమందిదీ అవుతుందే. నేనొక్కదాన్నే ఎంచుకుంటే తప్పంతా నాదే కదా. తప్పులు పట్టడం తప్ప చేయడం నాకు అలవాటు లేదు."

కీర్తిక నా ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"తప్పైతే తప్పు, అమ్మా. పడితే మంచు మీదే కదా, మెత్తగానే ఉంటుంది."

సిగ్గేసింది. అది ఈ మాట ఎక్కడ నేర్చుకుందో, నా దగ్గరైతే కాదు.

హాల్లో తిన్నగా నిలబడమంది. కాళ్లు దగ్గరగా పెట్టి ఎదురుగా గోడకేసి చూడమంది. చూశాను. వెనక నుంచి ఒక్క తోపు తోసింది. ముందుకి తూలి కాలేసి ఆగాను.

ఎడమకాలు.

మళ్లీ తోసింది. ఎడమ. నన్ను మాటల్లో పెట్టి మూడోసారి తోసింది. ఎడమే.

పోయినేడు జపాన్లో కోచ్ అందర్నీ ఇలాగే తోసి చూశాడట. ఏ కాలు ముందు పడితే అదే మన కాలు. ఎవరికి వాళ్లు చూసుకోవడం కుదరదు, ఎప్పుడు పడబోతున్నామో మనకి తెలిసిపోతుంది కాబట్టి. అప్పుడు నువ్వు బెంచీ మీదున్నావు అంది.

అయితే ఆ పదకొండు సార్లూ, పీట మీంచీ... అంతా తప్పుకాలు మీదేనా! ఇద్దరం సోఫాలో పడి నవ్వాం. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. మా ఆయన గదిలోంచి వచ్చి ఏం జరిగిందని అడిగితే కీర్తిక ఆయన్నీ వెనక నుంచి తోసింది. ఆయన ఏ కాలూ వేయలేదు, తిన్నగా వెళ్లి టీవీ స్టాండు పట్టుకున్నారు.

ఫ్రిజ్ మీద కొత్త వాక్యం: ముప్ఫైలోగా మార్చాలి. షాపులోకి ఒక్కతే వెళ్లాలి. లాస్ట్ ఛాన్స్.

నవంబర్ 30, ఆదివారం

మధ్యాహ్నం 2.00. షాపు. కీర్తిక లోపలికి రానంది. అద్దం తలుపు బయట బబుల్ టీ తాగుతూ నిలబడింది.

2.01. నలుపు ఇచ్చేశాను. కో అంకుల్ ఏమీ అడక్కుండా నీటికుక్కని తెచ్చాడు.

2.03. ఏ కాలన్నాడు. ఎడమ అన్నాను. ఈసారి రెండోసారి అడగలేదు.

2.04. హెల్మెట్ కావాలా అన్నాడు. ఎరుపా, తెలుపా?

2.05. నాకు తెలీకుండానే ఫోన్ చేతిలోకొచ్చింది. రెండూ ఫోటో తీసి కీర్తికకి పంపేశాను. అద్దంలోంచి చూస్తున్నాను. ఫోన్ చూసుకుంది. నాకేసి చూసింది. ఫోన్ జేబులో పెట్టుకుని అటు తిరిగిపోయింది.

2.09. ఎరుపు.

ఎరుపు! తప్పైతే తప్పు.

తిరుగు రైల్లో బోర్డు మా ఇద్దరి మధ్య. పసుపు సంచీలో ఉంది, నిలబెడితే ముక్కు దాకా వచ్చింది, సరిగ్గా నా కొలత. కీర్తిక కిటికీకేసి చూస్తూ ఉన్నట్టుండి మెల్లిగా అడిగింది.

"అమ్మా, రిజల్ట్స్ వచ్చాక జూనియర్ కాలేజీకి వెళ్లనా, పాలిటెక్నిక్‌లో డిజైన్ చదవనా? నీకేమనిపిస్తోంది?"

నాకు పందెం నేర్పిన పిల్ల. నాలుగు వారాలు నా మీద నిఘా పెట్టిన పిల్ల. చెప్పులన్నీ నేనే ఎంచిపెట్టిన పిల్ల.

నా దగ్గర పదకొండు అభిప్రాయాలున్నాయి. అందులో ఆరు చాలా మంచివి. పెదాలు బిగించి కూర్చున్నాను. మా స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అది దిగడానికి లేచి నిలబడి ఇంకా నా మొహం కేసే చూస్తోంది. వీపు మీద చెయ్యేసి మెల్లిగా ముందుకి తోశాను.

ఏ కాలు ముందు పడిందో చూశాను. దానికి చెప్పలేదు.

డిసెంబర్ 1, సోమవారం

ఉదయం 6.30. కాఫీ ఇంకా తాగలేదు.

నిర్ణయం: కీర్తిక ఏం చదవాలో నేను చెప్పను. అది అడిగినా సరే, చెప్పనే చెప్పను! రిజల్ట్స్ వచ్చేదాకా నోటికి తాళం.

7.05. డిజైన్ చదివితే బోర్డుల మీద నీటికుక్కల బొమ్మలేయచ్చు అని మాత్రం అన్నాను. అది సలహా కాదు. సమాచారం.

7.20. ఫ్రిజ్ మీద కొత్త కాగితం. "అమ్మ: డే వన్, ఫెయిల్డ్." కింద చిన్న అక్షరాల్లో: "ఫస్ట్ స్లోప్ స్టిల్ ఆన్." పక్కన పసుపు నక్షత్రం, ఈసారి గీత లేకుండా.

సరే. రేపట్నుంచి మొదలు.